ఆదాయమా, ఆస్తి అమ్మకమా? ఆర్థిక వ్యవస్థల సుస్థిరతను నిర్వచించడం, కొలవడం



జాతీయాదాయం, స్థూల దేశీయోత్పత్తి, తలసరి ఆదాయం అనే మాటలు మీకు కొత్తవి కావు. ఇంటర్మీడియట్‌లో అర్థశాస్త్రం చదివినవారైతే నిద్రలో లేపి అడిగినా వాటి నిర్వచనాలు చెబుతారు. ఈ ఉపన్యాసంలో ఆ లెక్కలు కట్టే పద్ధతి గురించి కాక, ఆ లెక్కల్లో కనబడకుండా పోయే ఒక సంగతి గురించి తెలుసుకుందాం.

ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. వారికి పదెకరాల పొలం ఉంది. పంట మీద వచ్చేది ఖర్చులకు చాలదు. అందుకని ఏటా ఒక ఎకరం అమ్ముతున్నారు. ఇల్లు కొత్తగా కట్టారు, పిల్లల పెళ్ళిళ్ళు ఘనంగా చేశారు, గుమ్మం ముందుకు కారు వచ్చింది. దారిన పోయేవారికి ఊళ్ళో అందరికంటే కలిగిన ఇల్లు అదేననిపిస్తుంది. పదేళ్ళు గడిచాక సంగతి వేరు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని మన పెద్దలు అన్నది ఇటువంటి ఇళ్ళను చూసే. ఇక్కడ మీరు గమనించవలసింది ఒకటుంది. ఆ కుటుంబం ఏటా ఎంత ఖర్చు పెడుతున్నదో చూస్తే దాని భవిష్యత్తు తెలియదు. ఇంకా ఎన్ని ఎకరాలు మిగిలాయో చూస్తేనే తెలుస్తుంది. మొదటిది ప్రవాహం, రెండవది నిల్వ. స్థూల దేశీయోత్పత్తి ప్రవాహాన్ని కొలుస్తుంది. సుస్థిరత నిల్వకు సంబంధించిన ప్రశ్న.

బ్రిటిష్ ఆర్థికవేత్త జాన్ హిక్స్ 1939లో ప్రచురించిన తన గ్రంథంలో ఆదాయం అంటే ఏమిటో ఇలా వివరించాడు. వారం మొదట్లో ఒక మనిషి ఎంత స్థితిలో ఉన్నాడో, వారం చివర కూడా అంతే స్థితిలో ఉంటూ, ఆ వారంలో ఎంత ఖర్చు చేయగలడో అదే అతని ఆదాయం. చూశారా, సుస్థిరత అన్నది ఆదాయానికి తరవాత ఎవరో తగిలించిన విశేషణం కాదు, ఆ మాట అర్థంలోనే ఉంది. పొలం అమ్మగా వచ్చిన సొమ్ము ఈ లెక్కన ఆదాయం కానే కాదు.

మరి జాతీయ ఖాతాలు రాసేవారు ఈ తేడా ఎరగరా అని మీరు అడగవచ్చు. ఎరుగుదురు. కానీ చాలాకాలం సగమే పాటించారు. ఫ్యాక్టరీలో యంత్రం అరిగితే ఆ తరుగుదలను తీసివేసి నికర ఉత్పత్తిని లెక్కగడతారు. గనిలో ఖనిజం తరిగితే మాత్రం తీసివేయలేదు. పైగా తవ్వి అమ్మిన ఖనిజం విలువనంతా ఆ ఏటి ఉత్పత్తిలో కలిపేశారు. ఐక్యరాజ్యసమితి గణాంక కమిషన్ 2025 మార్చిలో ఆమోదించిన కొత్త జాతీయ ఖాతాల పద్ధతి మొదటిసారిగా సహజ వనరుల తరుగుదలను కూడా ఉత్పత్తి ఖర్చుగా చూపించి, నికర లెక్కల్లోంచి తీసివేయమంటున్నది. దేశాలు దీన్ని అమలులో పెట్టడానికి ఇంకా కొన్నేళ్ళు పడుతుంది. జాతీయాదాయపు లెక్కలకు ఆద్యుడైన సైమన్ కుజ్నెట్స్ 1934లోనే అమెరికా కాంగ్రెసుకు ఇచ్చిన నివేదికలో, జాతీయాదాయాన్ని చూసి ప్రజల క్షేమాన్ని అంచనా వేయకండని హెచ్చరించాడు. ఆయన లెక్కను తీసుకున్నవారు ఆయన హెచ్చరికను తీసుకోలేదు.

నౌరు కథ

పసిఫిక్ మహాసముద్రంలో, భూమధ్యరేఖకు కొద్దిగా దక్షిణాన, నౌరు అనే ద్వీపదేశం ఉంది. దాని విస్తీర్ణం సుమారు 21 చదరపు కిలోమీటర్లు. తీరం వెంబడి ఉన్న రోడ్డు మీద మోటారు సైకిలు ఎక్కితే అరగంటలో దేశమంతా చుట్టి రావచ్చు. ఆ ద్వీపం నడుమ ఉన్న పీఠభూమి నిండా మేలురకం ఫాస్ఫేటు ఉండేది. ఎరువుల తయారీకి అది ముడిసరుకు. 1907 నుంచి దాన్ని తవ్వి ఓడలకెక్కించడం మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధం తరవాత బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కలిసి ఆ పని సాగించాయి. నౌరు మట్టితో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పొలాలు పచ్చబడ్డాయి.

1968 జనవరి 31న నౌరుకు స్వాతంత్ర్యం వచ్చింది. కొద్దికాలానికే గనులు నౌరు ప్రజల చేతికి వచ్చాయి. 1970వ దశకంలో ఆ చిన్న దేశపు తలసరి ఆదాయం ప్రపంచంలోకెల్లా ఎక్కువ ఉన్నవాటిలో ఒకటి. ఫాస్ఫేటు ఎప్పటికీ ఉండదని వారికి తెలుసు. అందుకని రాబడిలో కొంత ఒక ట్రస్టు నిధిలో వేశారు. ఆలోచన మంచిదే. కానీ ఆ నిధిని నడిపిన తీరు బాగాలేదు. మెల్‌బోర్న్‌లో 52 అంతస్తుల భవనం కట్టారు. 1993లో లియొనార్డో డావిన్సీ మీద లండన్‌లో వేసిన ఒక సంగీత నాటకానికి డబ్బు పెట్టారు, అది కొద్ది వారాల్లోనే మూతపడింది. అప్పులు పెరిగాయి. ఆ మెల్‌బోర్న్ భవనాన్ని కూడా 2004లో అమ్ముకోవలసి వచ్చింది. అప్పటికి ద్వీపంలో ఐదింట నాలుగు వంతుల నేల తవ్వకాలకు బలై, సేద్యానికీ నివాసానికీ పనికిరాని సున్నపురాతి మొనలుగా మిగిలింది. 2001 నుంచి ఆస్ట్రేలియా తన దేశానికి వచ్చే శరణార్థులను నౌరులో ఉంచడానికి ఇచ్చే సొమ్ము ఆ దేశానికి ఒక ముఖ్యమైన ఆధారమైంది.

1975లో ఒక ఆర్థికవేత్త తలసరి జీడీపీ పట్టిక చూసి, నౌరు ప్రజలు ఎంత అదృష్టవంతులో అని రాసి ఉంటే, పట్టిక ప్రకారం అతని మాట తప్పు కాదు. తప్పు పట్టికలో ఉంది.

నార్వేకు కూడా ఇటువంటి అదృష్టమే పట్టింది. 1969లో ఉత్తర సముద్రంలో చమురు బయటపడింది. 1990లో చట్టం చేసి నిధి ఏర్పాటు చేశారు, 1996లో మొదటిసారి అందులో సొమ్ము వేశారు. నిధి మీద ఏటా రాగలదనుకున్న నిజ రాబడిని మాత్రమే, అంటే మొదట 4 శాతం, 2017 నుంచి 3 శాతం, ప్రభుత్వం ఖర్చుకు వాడుకుంటుంది. అసలు కదలదు. నేల కింది ఆస్తి కాగితం మీది ఆస్తిగా మారింది, అంతే. ఈ కథను పొగిడేముందు ఒక మాట. ఆ చమురును కొన్నవారు దాన్ని తగలబెట్టారు, ఆ పొగ మనందరి ఆకాశంలోకి వెళ్ళింది. నార్వే ఖాతా సరిపోయింది, భూగోళం ఖాతా సరిపోలేదు. ఈ చిక్కు దగ్గరికి తిరిగి వద్దాం.

ఎంత తినవచ్చు, ఎంత దాచాలి?

కాగితం, కలం తీసుకోండి. ఒక గని ఏటా 100 రూపాయల నికర రాబడి ఇస్తుంది. 10 ఏళ్ళలో అది ఖాళీ అవుతుంది. వడ్డీ 5 శాతం. గని అయిపోయాక కూడా ఎప్పటికీ ఒకే మొత్తం ఖర్చు చేసుకోవాలంటే, ఈ 100 రూపాయల్లో ఎంత తినాలి, ఎంత దాచాలి?

ఈ లెక్కను 1989లో ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్త సలాహ్ ఎల్ సెరాఫీ ప్రచారంలోకి తెచ్చాడు. దాచవలసింది సుమారు 61 రూపాయల 40 పైసలు, తినదగింది 38 రూపాయల 60 పైసలు. ఏటి చివర 61.40 చొప్పున పదేళ్ళు వేస్తే 5 శాతం చక్రవడ్డీతో నిధి సుమారు 772 రూపాయలవుతుంది. దాని మీద 5 శాతం వడ్డీ 38.60. అంటే గని ఉన్నప్పుడూ, పోయాకా ఒకే ఆదాయం. గని 50 ఏళ్ళు నిలిచేదైతే దాచవలసింది 9 రూపాయల లోపే. మరి వడ్డీ 5 బదులు 2 శాతమే అయితే? పదేళ్ళ గనికి 82 రూపాయలు దాచాలి, 18 మాత్రమే తినాలి. ఒకే గని, ఒకే రాబడి, వడ్డీ అంచనా మారేసరికి నిజమైన ఆదాయం సగానికి పైగా తగ్గిపోయింది. సుస్థిరతను కొలిచే ప్రతి అంకె వెనుకా ఇటువంటి ఊహ ఒకటి దాగి ఉంటుంది. అంకె చూసినప్పుడల్లా ఆ ఊహ ఏమిటని అడగడం నేర్చుకోండి.

ఇదే సూత్రాన్ని 1977లో కెనడా ఆర్థికవేత్త జాన్ హార్ట్‌విక్ ఒక దేశానికంతటికీ వర్తింపజేశాడు. తరిగిపోయే వనరుల మీద వచ్చే మిగులునంతా యంత్రాలు, రోడ్లు, విద్య వంటి ఇతర మూలధనంలో పెట్టుబడిగా పెడితే వినియోగం పడిపోకుండా నిలబెట్టవచ్చునని చూపించాడు. మన దేశంలో కూడా ఈ ఆలోచన కోర్టు గడప తొక్కింది. గోవా ఇనుప ఖనిజం కేసులో 2014 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, అమ్మకపు విలువలో 10 శాతాన్ని రాబోయే తరాల కోసం ఒక శాశ్వత నిధిలో వేయమని ఆదేశించింది. పదో వంతు సరిపోతుందా అన్నది పై లెక్క తెలిసిన మీరే ఆలోచించండి. గని ఎన్నేళ్ళు నిలుస్తుందో తెలియకుండా జవాబు చెప్పలేం.

డబ్బు చేపలను పుట్టించదు

ఇంతవరకు చెప్పినదంతా ఒక నమ్మకం మీద నిలబడి ఉంది. ఖనిజం పోతే డబ్బు, అడవి పోతే ఫ్యాక్టరీ, ఒకదానికి బదులు మరొకటి అని. మొత్తం మూలధనం తగ్గకపోతే చాలు, అందులో ఏది ఎంత ఉన్నా ఫరవాలేదు అనే ఈ దృష్టిని బలహీన సుస్థిరత అంటారు. రాబర్ట్ సోలో వంటివారు దీన్ని సమర్థించారు. దీనికి ఎదురు నిలిచినవాడు హెర్మన్ డేలీ. చేపలు పట్టడానికి పడవలూ కావాలి, చేపలూ కావాలి, చేపలు లేని సముద్రంలో పడవలు ఎన్ని ఉంటే ఏం లాభం అని ఆయన వాదం. దీన్ని బలమైన సుస్థిరత అంటారు. సహజ మూలధనం విడిగా తగ్గకుండా ఉండాలని దీని అర్థం.

కెనడా తూర్పు తీరాన న్యూఫౌండ్‌లాండ్ దగ్గర కాడ్ చేపలు శతాబ్దాల పాటు తరగని గనిలా ఉండేవి. పెద్ద ట్రాలర్లు, మంచి సోనార్ పరికరాలు వచ్చాక పట్టుబడి పెరిగింది. పెట్టుబడి పెరిగింది, ఆదాయం పెరిగింది. 1992 జూలైలో కెనడా ప్రభుత్వం ఉత్తర కాడ్ వేటను నిషేధించవలసి వచ్చింది. ముప్పై వేలకు పైగా మందికి పని పోయింది. 30 ఏళ్ళు దాటినా ఆ చేపలు పూర్వపు సంఖ్యకు రాలేదు. పడవలూ ఉన్నాయి, వలలూ ఉన్నాయి, మనుషులూ ఉన్నారు.

నా మటుకు నాకు ఈ వివాదంలో రెండు పక్షాలూ సగం సగం నిజం చెబుతున్నాయనిపిస్తుంది. ఇనుప ఖనిజానికి బదులు ఉంది. తాగేనీటికి, వాతావరణానికి, పరాగ సంపర్కం చేసే తేనెటీగలకు మనకు తెలిసిన బదులు లేదు. కాబట్టి ఏ వనరు గురించి మాట్లాడుతున్నామో చెప్పకుండా సుస్థిరత గురించి వాదించడం వృథా.

నిర్వచనం గురించి

నిర్వచనంతో మొదలుపెట్టకుండా కథలతో మొదలుపెట్టానేమిటని మీకు అనిపించి ఉండవచ్చు. కారణం ఉంది. 1987లో నార్వే ప్రధాని గ్రో హార్లెం బ్రంట్‌లాండ్ అధ్యక్షతన పనిచేసిన ఐక్యరాజ్యసమితి కమిషన్ ఇచ్చిన నిర్వచనం మీ అందరికీ తెలుసు. రాబోయే తరాలు తమ అవసరాలు తీర్చుకునే శక్తిని దెబ్బతీయకుండా ఇప్పటి తరం తన అవసరాలు తీర్చుకోవడం సుస్థిరాభివృద్ధి అని దాని సారాంశం. పరీక్షలో రాయడానికి ఇది బాగుంటుంది. లెక్క కట్టడానికి కూర్చుంటే మాత్రం చేతికి చిక్కదు. ఎవరి అవసరాలు? ఎన్ని తరాలు? ఏ శక్తి? అంతకు చాలా ముందు, 1713లో, జర్మనీలోని సాక్సనీ గనుల అధికారి హాన్స్ కార్ల్ ఫాన్ కార్లోవిట్స్ వెండి కరిగించే కొలుములకు కలప కరువవుతుంటే, అడవి ఏటా ఎంత పెరుగుతుందో అంతే నరకాలని రాశాడు. ఆయన మాట ఎంత సంకుచితమో అంత స్పష్టం. దాన్ని కొలవవచ్చు.

1995లో రాబర్ట్ కోస్టాంజా, బెర్నార్డ్ ప్యాటెన్ ఒక తెలివైన మాట చెప్పారు. సుస్థిర వ్యవస్థ అంటే నిలిచి ఉండే వ్యవస్థ, అంతే. అది నిలిచిందో లేదో కాలం గడిచాకనే తెలుస్తుంది. కాబట్టి ఈరోజు మనం సుస్థిరతకు నిర్వచనాలని చెప్పుకునేవి నిజానికి నిర్వచనాలు కావు, జోస్యాలు. అందుకే మూడు ప్రశ్నలు ముందు తేల్చుకోవాలి. ఏ వ్యవస్థ నిలవాలి? ఎంతకాలం నిలవాలి? నిలిచిందని ఎప్పుడు, ఎవరు చూస్తారు? శరీరంలో కణాలు రోజూ చనిపోతుంటాయి, శరీరం నిలుస్తుంది. ఒక కంపెనీ మూతపడితే ఆర్థిక వ్యవస్థ కూలిపోయినట్లు కాదు. అన్నీ శాశ్వతంగా ఉండాలనుకోవడం సుస్థిరత కాదు.

కొలతలు

ప్రపంచ బ్యాంకు 1990వ దశకం చివరి నుంచి దేశాలకు నిజ పొదుపు అనే లెక్క కడుతూ వచ్చింది. దేశపు స్థూల పొదుపులోంచి యంత్రాల తరుగుదల తీసివేస్తారు. విద్య మీద ఖర్చును మానవ మూలధనంలో పెట్టుబడిగా భావించి కలుపుతారు. తరవాత తవ్విన ఇంధనం, ఖనిజాలు, పెరుగుదలకు మించి నరికిన అడవి, బొగ్గుపులుసు వాయువు వల్ల, గాలిలోని ధూళి వల్ల కలిగే నష్టం తీసివేస్తారు. మిగిలింది రుణాత్మకమైతే ఆ దేశం ఆస్తి అమ్ముకుని బతుకుతున్నట్లే. భారతదేశపు పొదుపు రేటు ఎక్కువ కాబట్టి మన అంకె ధనాత్మకంగానే వస్తుంది. సంతోషమే. కానీ ఈ లెక్కలో భూగర్భజలం లేదు, నేల సారం లేదు, చేపలు లేవు. వాటికి సరైన ధర కట్టలేక వదిలేశారు.

2012లో ఐక్యరాజ్యసమితి సంస్థలు ప్రచురించిన సమ్మిళిత సంపద నివేదిక నేరుగా నిల్వలనే లెక్కించింది. దీని వెనుక ఉన్న సిద్ధాంతకర్తల్లో పార్థా దాస్‌గుప్తా ముఖ్యుడు. 1990 నుంచి 2008 వరకు మన తలసరి జీడీపీ రెట్టింపుకు పైగా పెరిగితే, తలసరి సమ్మిళిత సంపద పెరిగింది అందులో చిన్న భాగమే. సహజ మూలధనం తగ్గింది. ఆయన అధ్యక్షతన ఏర్పడిన నిపుణుల బృందమే మన దేశానికి హరిత జాతీయ ఖాతాలు ఎలా తయారుచేయాలో 2013లో నివేదిక ఇచ్చింది.

ధర కట్టలేనివాటిని విస్తీర్ణంలో కొలుద్దామన్నవారు మాథిస్ వాకర్నాగెల్, విలియం రీస్. వారి పర్యావరణ పాదముద్ర ప్రకారం మానవజాతి ఇప్పుడు 1.7 భూగోళాలంత వాడుకుంటున్నది. ఒక భారతీయుడి పాదముద్ర సుమారు 1.2 ప్రపంచ హెక్టార్లు, ప్రపంచ సగటులో సగం కూడా లేదు. అయినా మన దేశపు నేల ఒక్కొక్కరికి ఇవ్వగలిగింది సుమారు 0.4 హెక్టార్లే. తక్కువ వాడుతూ కూడా హద్దు దాటవచ్చన్నమాట. ఈ కొలతకూ లోపం ఉంది. సాగుభూమిని ఇది ఎప్పుడూ హద్దు దాటినట్లు చూపించదు. పండిన పంటే ఆ భూమి శక్తి అని లెక్కవేస్తుంది కాబట్టి, ఆ పంట కోసం బావి ఎంత లోతుకు వెళ్ళిందో దీనికి పట్టదు.

2009లో స్టిగ్లిట్జ్, అమర్త్యసేన్, ఫిటూసీల కమిషన్ అందుకే ఒక్క అంకె వద్దంది. కారులో వేగాన్నీ, మిగిలిన పెట్రోలునూ కలిపి ఒకే ముల్లుతో చూపిస్తే డ్రైవరుకు ఏం ఉపయోగం?

పంజాబ్ నీరు, మన బావులు

పంజాబ్‌ను చూడండి. పంజాబీలకు వరి ప్రధానాహారం కాదు. పండిన బియ్యంలో అత్యధిక భాగం కేంద్ర నిల్వలకు పోతుంది. ఆ బియ్యం విలువ జీడీపీలో చేరుతుంది. దాన్ని పండించడానికి తోడిన నీరు ఏ ఖాతాలోంచీ పోదు. కేంద్ర భూగర్భజల మండలి ఇటీవలి అంచనాల ప్రకారం, అక్కడ ఏటా తోడదగిన నీటికి ఒకటిన్నర రెట్లకు మించి తోడుతున్నారు. వానలకు ముందే నాట్లు వేయకుండా 2009లో ఆ రాష్ట్రం చట్టం చేసింది. నీటి ఆదా కోసం మంచి చట్టమే. కానీ నాటు ఆలస్యమైతే కోతా ఆలస్యమవుతుంది. గోధుమ విత్తడానికి గడువు తగ్గి, గడ్డి తగలబెట్టడం గాలి కదలని నవంబరు వైపు జరిగిందని పరిశోధకులు చూపించారు. నీటి ముల్లు కొంచెం తేరుకుంటే గాలి ముల్లు పడిపోయింది.

ఇక మన దగ్గర. 2003 తరవాత కొన్నేళ్ళు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, రైతులే భూగర్భజలాలను కొలిచే పథకం ఒకటి నడిచింది. అనంతపురం, మహబూబ్‌నగర్, నల్లగొండ, ప్రకాశం అందులో ఉన్నాయి. రైతులు, వారిలో స్త్రీలూ ఉన్నారు, బోరులోకి కొలిచే తాడు దించి నీటిమట్టం రాసుకునేవారు. వర్షమాపకం చూసి వాన లెక్క రాసుకునేవారు. కొలతకు హద్దు ఊరూ కాదు, మండలమూ కాదు. ఒకే వాగులోకి నీరు పారే ప్రాంతమంతా ఒక యూనిట్. ఏ వ్యవస్థ అన్న ప్రశ్నకు వారు వాన పారే దారిని చూసి జవాబు చెప్పారు. రబీకి ముందు అందరూ కూర్చుని, ఉన్న నీరెంత, వేయాలనుకున్న పంటలకు కావలసిందెంత అని బడ్జెట్ వేసేవారు. లోటు కనబడితే ఫలానా పంట వేయొద్దని ఎవరూ ఎవరినీ శాసించలేదు. లోటు ఎంతో అందరికీ తెలిసింది, అంతే. చాలామంది వరి తగ్గించి తక్కువ నీటి పంటలకు మళ్ళారు.

వచ్చే ఉపన్యాసానికి ముందు మీరు చేయవలసిన పని ఒకటి. భూగర్భజల మండలి నివేదికలో మీ మండలం పేరు వెతకండి. తోడదగిన నీటిలో 70 శాతం వరకు తోడితే సురక్షితం, 90 దాటితే సంకటస్థితి, 100 దాటితే అతివినియోగం అని రాసి ఉంటుంది. ఆ అంకె రాసుకోండి. తరవాత మీ ఇంట్లోనో, పక్క ఇంట్లోనో మొదటి బోరు ఎన్ని అడుగులు వేశారో, చివరిది ఎన్ని అడుగులు వేశారో పెద్దవారిని అడగండి. రెండు అంకెలూ ఒకే మాట చెబుతున్నాయో లేదో చూసి, చెప్పకపోతే ఎందుకు చెప్పడం లేదో ఒక పేజీ రాసి తీసుకురండి.